యుద్ధకాలమున నవ్వించిన పటములు

(ఒక పఠనమందిరమున జరిగిన సభయందు చేసిన ఉపన్యాసము)



మన పఠనమందిరములందు గోడపై దేశపటము వ్రేలాడుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పిల్లవాడు లోపల అడుగుపెట్టగనే దానిచెంతకు పోయి తన యూరెక్కడనో వెదకును. కానరాకున్న పెద్దలనడుగును. పెద్దలు వ్రేలుమోపి, "ఇచ్చట నుండవలెను నాయనా, చిన్నయూరగుటచే వ్రాయలేదు" అందురు. ఇది సామాన్యమైన మాటగా తోచును; కాని ఇందొక సత్యము దాగియున్నది. పటము గీసినవాడు దేనిని చూపదలచెనో దానినే చూపును. తక్కినది లోకమందున్నను పటమున నుండదు. పటమున లేనిదానిని గూర్చి చూచువానికి తలంపు పుట్టదు.

నేడు తమయెదుట నేను ప్రసంగింపబోవునది ఈ పటములలో నొక వింతతెగను గూర్చి. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమందు యుద్ధమేఘములు క్రమ్మినప్పుడు పారిసు, బెర్లిను, లండను నగరముల అంగళ్లలో హాస్యపటములు వెలువడుచుండెడివి. దూరమునుండి చూచిన అవి దేశపటములే. సముద్రములు, సరిహద్దులు, ద్వీపములు అన్నియు తమతమ తావులందే యుండును. దగ్గరకు పోయి చూచిన ప్రతిరాజ్యమును ఒక మనుష్యుడో, ఒక ముసలిదో, ఒక మృగమో అయి కూర్చుండును. ఒకరు వేరొకరి మెడపై కాలుమోపుదురు; ఒకరు నిద్రించుదురు; ఒకరు కత్తి నూరుదురు. చూచినవాడు నవ్వక మానడు. ఆ నవ్వు ఎవరిదగ్గర పుట్టినది? ఎవరిమీదికి పోయినది? ఆ నవ్వునకు వెల యెవరు చెల్లించిరి? ఈ ప్రశ్నలే నా ప్రసంగమునకు విషయము.

దేశమునకు దేహముగట్టుట పందొమ్మిదవ శతాబ్దపు కల్పనము గాదు. 1583వ సంవత్సరమందు నెదర్లాండు రాష్ట్రములు స్పెయిను రాజుపై తిరుగబడి పోరాడుచుండగా, ఆస్ట్రియాకు చెందిన మైకేల్ ఐట్జింగరు అనునతడు ఆ రాష్ట్రములన్నిటిని కలిపి ఒక సింహాకృతిగా గీయించెను. ఇంచుమించుగా ఆ కథకు మరియొక కొసయందు, 1868లో, లండనున ఒక చిన్నపుస్తకము వెలువడెను. పదునైదవ యేటనున్న లిలియన్ లాంకాస్టరు అను బాలిక, రోగముతో మంచముపట్టిన తన సోదరుని వినోదపరచుటకై, ఒక్కొక్క దేశపు సరిహద్దులలో ఒక్కొక్క మనుష్యుని ఇమిడ్చి గీసిన బొమ్మలవి. ఎంత నిర్మలమైన హాస్యము! భూగోళపాఠము పిల్లలకు సులభముగా నంటునని ఆ పుస్తకము ప్రకటించినవారి ఆశయము. ఈ విద్యయందు స్వతస్సిద్ధమైన దోషము లేదని చెప్పుటకే ఈ బాలికను తలచితిని. కత్తి కూరలు తరుగును, గొంతులును తరుగును.

అయితే ఈ బొమ్మలకు అంత బలమెట్లు వచ్చెను? మొదట చిత్రకారుడు రాగిరేకుపై చెక్కి అచ్చొత్తించెడివాడు. అది శ్రమతోను వ్యయముతోను గూడిన పని. 1798 ప్రాంతమున బవేరియాలో సెనెఫెల్డరు అనునతడు రాతిముద్రణమును కనిపెట్టెను. నునుపైన రాతిపై జిడ్డుసిరాతో గీసిన గీత యథాతథముగా కాగితముపైకి దిగును, చెక్కవలసిన పనిలేదు. ఉదయమున విన్నవార్తకు సాయంకాలమునకే బొమ్మ సిద్ధము కాజొచ్చెను. అక్షరమురాని బండివాడును అంగడిగాజు ముందు నిలిచి రాజకీయములు తెలిసికొనజొచ్చెను. రాజులు వార్తాపత్రికల వ్యాసములకంటె ఈ బొమ్మలకే హెచ్చుగా జంకిరి. ఫ్రాన్సురాజైన లూయీఫిలిప్పును ప్రజలధనము మ్రింగు మహోదరునిగా 1831లో గీసినందులకు ఓనొరే డొమియే అను చిత్రకారునకు ఆరునెలల కారాగారశిక్ష విధింపబడెను. 1835లో ఆ ప్రభుత్వము చిత్రములకు ముందుగా అనుమతి పొందవలెనని శాసనము చేసెను. మాటకు సంకెల వేయకముందే గీతకు సంకెల వేసినారన్నమాట.

ఇక యుద్ధచిత్రముల కడకు వత్తము.

1805 ఫిబ్రవరి 26వ తేదీన లండనునందు జేమ్సు గిల్రే గీసిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఒక బల్లపై ఆవిరి లేచుచున్న పుడ్డింగు కలదు. ఆ పుడ్డింగే భూగోళము. ఒకప్రక్క ఇంగ్లండు ప్రధానమంత్రి పిట్టు, మరియొకప్రక్క నెపోలియను. పిట్టు సముద్రభాగమును కోసికొనుచున్నాడు. నెపోలియను ఐరోపాను కోసికొనుచున్నాడు. ఇద్దరి కన్నులందును ఆకలి. ఇంతకంటె సూటిగా ఆ కాలపు రాజనీతిని చెప్పిన గ్రంథమేదియు లేదనవచ్చును. గిల్రే ఇరువురను ఎగతాళి చేసినాడు. అది అతని గొప్పతనము. కాని సోదరులారా, ఆ బల్లమీదనున్నది ఎవరి భూమి? ఆ ముద్దలోని మనుష్యులెక్కడ? కోయువారి ముఖములు మనకు గుర్తున్నవి గాని కోయబడువారికి ఆ చిత్రమున ముఖమే లేదు. ఇట్టి కోతలు మనకు క్రొత్తవి గావు. ఆ చిత్రమునకు అయిదేండ్లకు ముందు, 1800లో, హైదరాబాదు నిజాము తన్ను కాచు సైన్యమునకై కావలసిన వ్యయమునకు బదులుగా బళ్లారి, కడప మున్నగు సీమలను ఆంగ్ల కుంపిణీకి ఒసగెను. వానికి దత్తమండలములని పేరు వచ్చెను. దత్తతపోవు బిడ్డనైన ఒకమాట అడుగుదురు. ఆ మండలముల ప్రజల నెవరును అడుగలేదు. ఈ మండలములను గుర్తుంచుకొనుడు. మరల వీనిచెంతకు రావలసియున్నది.

క్రిమియా యుద్ధము 1853 మొదలు 1856 వరకు జరిగెను. ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్కప్రభుత్వము ఒకవైపు, రుష్యా ఒకవైపు. రుష్యాచక్రవర్తి నికొలాసు తనకు జనవరి, ఫిబ్రవరి అను ఇద్దరు నమ్మకమైన సేనానులున్నారని పలికెనని ప్రతీతి. చలికాలమే శత్రువును మట్టుపెట్టునని దాని భావము. 1855 మార్చి 2వ తేదీన ఆ చక్రవర్తియే మరణించెను. వారము తిరిగినంతనే, మార్చి 10వ తేదీన, లండను పంచ్ పత్రికలో జాన్ లీచి గీసిన బొమ్మ వెలువడెను. సేనాని దుస్తులు ధరించిన అస్థిపంజరమొకటి చక్రవర్తి పడకపై వంగి గుండెపై చేయివేయుచున్నది. ఫిబ్రవరి సేనాని తన ప్రభువునకే ద్రోహము చేసినాడని దానికి వ్యాఖ్య. చమత్కారము అద్భుతము, సందేహము లేదు. కాని ఆ చలికాలముననే క్రిమియా గుట్టలపై ఆంగ్లసైనికులు కంబళ్లులేక, కూడులేక, రోగములతో వేలకొలది రాలిపోయిరి. ఆ యుద్ధమందు గుండ్లకు గురియైన ఆంగ్లసైనికులకంటె రోగములకు గురియైనవారు ఎన్నోమడుంగులు హెచ్చు. ఫిబ్రవరి సేనాని వారి ద్రోహియు అయ్యెనుగదా! చక్రవర్తి పడకచుట్టు గీసిన గీతలలో వారికి తావు దొరకలేదు. శత్రువు చావు నవ్వుగా మారినప్పుడు తనవారి చావు మరుగుపడుట యుద్ధచిత్రమునకు గల మొదటి గుణము.

రెండవగుణము మనకు సంబంధించినది. 1857లో మన సిపాయీలు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడిరి. జూలైమాసమున కాన్పూరునందు బందీలైన ఆంగ్లస్త్రీలును శిశువులును చంపబడిరి. అది ఘోరము, దానిని ఘోరమనియే చెప్పవలెను. ఆగస్టు 22వ తేది పంచ్ పత్రికలో జాన్ టెన్నియెలు గీసిన చిత్రమున ఒక స్త్రీయు ఒక శిశువును నేలపైబడియుందురు. వారిపై బెంగాలు పెద్దపులి నిలిచియుండును. దానిపైకి బ్రిటిష్ సింహము లంఘించుచుండును. సెప్టెంబరు 12వ తేది వచ్చిన మరియొక చిత్రమున న్యాయదేవత ఖడ్గము దూసి సిపాయీలను నరకుచుండును. ఒక పట్టణమందు కొందరు చేసిన క్రూరకర్మ ఇచ్చట ఒక జాతియంతటి స్వభావమైపోయినది. మనుష్యుడు నేరముచేసిన విచారణ జరుపవలెను. పులికి విచారణయేమి? పులిని వేటాడుదురు. ఒకజాతిని మృగముగా గీసినవాడు ఆ జాతికి న్యాయస్థానపు తలుపు మూసివేయుచున్నాడు.

ఇది నాయూహ మాత్రమే కాదు. ఆ సంవత్సరమే గవర్నరుజనరలైన కానింగుప్రభువు, నేరము చేసినవారిని చేయనివారిని వేరుపరచి శిక్షింపవలెనని జూలై 31వ తేదీన ఉత్తరువు చేసెను. అందులకు అతనికి దయాళువైన కానింగను పరిహాసనామము వచ్చెను. అక్టోబరు 24వ తేది పంచ్ పత్రిక ఆ దయనే బొమ్మగా గీసి నవ్వెను. విచారింపుడు: రాజ్యాధికారి న్యాయమను మాట పలుకగా నవ్వులపాలయ్యెను, చిత్రకారుడు పగకు న్యాయదేవత యని పేరుపెట్టగా లోకము మెచ్చెను. తమ ప్రభుత్వమువానినే ఈ నవ్వు లెక్కచేయలేదనిన మన సిపాయీలను లెక్కచేయునా?

అమెరికాదేశమందు 1861లో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. ఉత్తరరాష్ట్రముల వృద్ధసేనాని విన్‌ఫీల్డు స్కాటు దక్షిణపు రేవులన్నిటిని ఓడలతో దిగ్బంధము చేసి, మిస్సిసిపీ నదిని వశపరచుకొని, శత్రువును మెల్లగా ఊపిరాడకుండ బిగింపవలెనని ఉపాయము చెప్పెను. జె. బి. ఇలియటు అనునతడు దానిని పటముగా గీసెను. ఒక మహాసర్పము దక్షిణరాష్ట్రములచుట్టు సముద్రతీరమువెంటను నదివెంటను చుట్టుకొనియున్నది. తక్షణమే శత్రురాజధానిపై దండెత్తవలెనని తొందరపడువారు ఈ నత్తనడక ఉపాయమును చూచి నవ్విరి. నాలుగుసంవత్సరముల యుద్ధము జరిగెను. 1863 జూలై 4వ తేదీన విక్స్‌బర్గు కోట పడిపోవుటతో నది వశమయ్యెను. రేవుల దిగ్బంధమును సాగెను. తుదకు సర్పము బిగిసినట్లే బిగిసెను. ఆ నాలుగేండ్లలో ఆరులక్షలకు మించిన సైనికులు మరణించిరి. హాస్యపటము ఒక్కొక్కప్పుడు సేనానులకంటె దూరము చూచుననుటకు ఇది నిదర్శనము. కాని ఏ నిజముకొరకు ఆ యుద్ధము వచ్చెనో ఆ నిజము, అనగా బానిసలుగా కొనుగోలుచేయబడి ప్రత్తిచేలలో పాటుపడిన నలువదిలక్షల నీగ్రోజనులు, ఆ సర్పపు చుట్టలో అక్కడక్కడ చిన్న బొమ్మలైరే గాని పటమునకు ప్రాణము కాలేదు. చూచువాని కన్ను సర్పముపైననే నిలుచును.

1870లో జర్మనీకిని ఫ్రాన్సుకును యుద్ధము వచ్చెను. ఆ యేడు పారిసునందు పాల్ ఆడోలు అను చిత్రకారుడు గీసిన ఐరోపా హాస్యపటము ఖండమంతటను పేరుపొందెను. ప్రుష్యా ఒక స్థూలకాయుడు. ఒక మోకాలు ఆస్ట్రియాపై మోపి, ఒకచేయి హాలండుపై చాచియుండును. ఫ్రాన్సు ఆయుధపాణియై అతనిని నెట్టివేయుచుండును. స్పెయిను పోర్చుగలును ఆనుకొని పొగత్రాగుచుండును. తురుష్కము ఆవులించి మేలుకొనుచుండును. రుష్యా గోనెబుట్ట వీపునగట్టిన బూచివాడై దొరికినది బుట్టలో వేసికొన నెంచుచుండును. ఇంగ్లండు ఒంటరియై కోపముతో మండిపడు ముసలిది. ఆ కోపములో తాను పగ్గముగట్టి పట్టుకొనియున్న ఐర్లండును గూడ ఇంచుమించుగా మరచినదట. ఈ ఒక్క గీతలో ఫ్రెంచివాడు నూరు ఉపన్యాసముల సత్యమును చెప్పినాడు. ప్రక్కింటివాని దోషము మనకన్నులకు ఎంత స్పష్టముగా కనబడును! అదేయేడు బెర్లినునందును ఒక హాస్యపటము వెలువడెను. ఖండమదియే, నదులవియే, వీరుడు మాత్రము మారెను.

మరి ఆ పటమున ప్రుష్యాను నెట్టివేసిన ఫ్రాన్సు గతి యేమయ్యెను? జూలై 19వ తేదీన యుద్ధము ప్రకటింపబడెను. సెప్టెంబరు 2వ తేదీన చక్రవర్తియైన మూడవ నెపోలియను సెడానునందు సైన్యముతోగూడ పట్టువడెను. అదే నెలలో పారిసు ముట్టడి ప్రారంభమై 1871 జనవరి 28వ తేది వరకు సాగెను. పురజనులు గుర్రములను, తుదకు ఎలుకలను తినిరి. కాగితముపై గెలిచినవాడు నేలపై ఓడెను. నవ్వు ధైర్యమిచ్చును, అది మంచిదే. కాని నవ్వునే బలమని భ్రమించిన జాతికి ఆ భ్రమ కడుపునిండదు.

ఇప్పుడు 1877వ సంవత్సరమునకు వత్తము. ఈ సంవత్సరమే నా ప్రసంగమునకు గుండెకాయ.

అంతకుముందటి యేడు బల్గేరియాయందు తురుష్కసైన్యములు ప్రజలను వేలకొలది చంపెను. ఇంగ్లండునందు గ్లాడ్‌స్టను దానిని ఖండించి 1876 సెప్టెంబరులో ఒక చిన్నపుస్తకము వ్రాయగా నెలతిరుగకముందే రెండులక్షల ప్రతులు చెల్లెను. ప్రజల మనస్సు తురుష్కులపై మండుచుండెను. 1877 ఏప్రిలు 24వ తేదీన రుష్యా తురుష్కముపై యుద్ధము ప్రకటించెను. ఆ యేడు లండనునందు ఫ్రెడు రోజు అను చిత్రకారుని హాస్యయుద్ధపటము బయలుదేరెను. అందు రుష్యా మనుష్యుడు గాదు, ఎలుగుబంటియు గాదు, ఎనిమిదిచేతుల సముద్రజంతువు. ఆంగ్లులు దానిని ఆక్టోపస్సు అందురు. ఆ జంతువు ఒకచేతితో ఫిన్లండును, ఒకచేతితో పోలండును బిగించి, వేరొకచేతితో తురుష్కుని పట్టుకొని, మరియొకచేతిని పారసీకమువంకకు చాచుచుండును. ఫ్రెంచివాడు తన యాయుధములను పరీక్షించుకొనుచుండును. జర్మనీ అతనిని కనిపెట్టియుండును. ఇటలీ పోపుగారిని ఆటబొమ్మచేసి ఆడించుచుండును. బెల్జియమురాజు తన ధనమును కాచుకొనుచుండును. స్పెయిను నిద్రించుచుండును. ఇవి చూచి జనులు నవ్విరి. కాని మనస్సున నాటుకొన్నది నవ్వుగాదు, ఆ జంతువు. పోలండును రుష్యా బంధించుట అబద్ధమా? కాదు; అందుచేతనే ఆ బొమ్మకు అంతబలము. సగము నిజము మోసిన భయము పూర్తి అబద్ధముకంటె దూరము నడచును. మరుసటి సంవత్సరము లండను నాటకశాలలలో పాడిన ఒక యుద్ధగీతమునుండి జింగో యను మాట పుట్టి, యుద్ధమునకు ఉవ్విళ్లూరువారికి పేరై నిలిచెను.

ఈ ఒక్కపటమే లోకమును త్రిప్పెనని నేననను. కాని అది పెంచిన భయము ఎక్కడికి నడచెనో చూడుడు. 1878 వసంతమున ఆంగ్లప్రధాని డిజ్రేలీ రుష్యాను బెదరించుటకై భారతదేశమునుండి ఏడువేల సిపాయీలను ఓడలపై మాల్టాద్వీపమునకు రప్పించెను. ఐరోపా హాస్యపటమున భారతదేశము లేదు. ఐరోపా చదరంగమున భారతసైనికుడు కలడు! ఆ సంవత్సరము వేసవిని రుష్యాదూతలు కాబూలునకు పోగా, ఆంగ్లదూతను గూడ స్వీకరింపవలెనని అమీరు షేరాలీని నిర్బంధించి, అతడు అంగీకరింపకున్న నవంబరు 21వ తేదీన ఆఫ్ఘనుదేశముపై దండెత్తిరి. ఆ నెల 30వ తేది టెన్నియెలు మరల గీసెను. ఒకవైపు ఎలుగుబంటి, ఒకవైపు సింహము, నడుమ చేతులుముడిచిన అమీరు: ఈ స్నేహితులనుండి నన్ను కాపాడుడని అతని మొర. 1857లో పగను న్యాయమని గీసిన చేయి ఇరువదియేండ్లకు ఈ పాటి సత్యము చెప్పెను. అందులకు దానిని మెచ్చవలెను.

అయినను ఆ చిత్రమందును నాలుగవవాడొకడు లేడు. ఆ యుద్ధమునకు సొమ్ము చెల్లించినవాడు. 1880 వరకు జరిగిన ఆఫ్ఘను యుద్ధపు వ్యయములో బ్రిటను ఖజానా తుదకు ఒసగినది 50 లక్షల పౌనులు. మిగిలిన పెద్దభారము భారతదేశపు రాబడిపైననే పడెను. ఆనాటి భారతదేశపు రైతు ఏ స్థితియందుండెను?

దత్తమండలములను గుర్తుంచుకొనుడని ప్రార్థించితిని. 1876లో వానలు తప్పెను. బళ్లారి, కర్నూలు, కడప సీమలు మాడిపోయెను. మనవారు దానిని నేటికిని ధాతకరువు అందురు. అది ధాతసంవత్సరమున వచ్చినది. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీయందు లిట్టనుప్రభువు విక్టోరియారాణిని చక్రవర్తినిగా ప్రకటించుటకై మహాదర్బారు జరుపుచుండగా ఇచ్చట పల్లెలు పాడుపడుచుండెను. ఆ యేటి మొదటనే సర్ రిచర్డు టెంపులు మదరాసు రాజధానికి వచ్చి, కరువుపనిలో రాళ్లుకొట్టు మగవానికి దినమునకు ఒకపౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. లండనునందు సముద్రజంతువు చేతులను లెక్కించి జనులు నవ్వుచున్న సంవత్సరమున, దత్తమండలమందు తల్లులు బిడ్డల ప్రక్కటెముకలను లెక్కించుచుండిరి. 1878 మార్చిలో దేశభాషాపత్రికల నోరుగట్టు శాసనము వచ్చెను. కరువునివారణకని ఆ యేడు విధించిన క్రొత్తపన్నుల సొమ్ము యుద్ధమునకు మరలెనని దేశీయులు ఆక్షేపించిరి. రుష్యాభయము లండనునందు బొమ్మ. మన ముంగిట పన్ను.

ఇంకొక చిత్రము వినుడు. నోరుమూయింపబడిన దేశమందును నవ్వు చావలేదు. అదే 1877లో లక్నోనగరమందు మున్షీ సజ్జాదుహుసేను అవధ్ పంచ్ అను ఉర్దూవారపత్రికను స్థాపించి, పాలకుల హాస్యపుకత్తిని పాలకులవైపే త్రిప్పెను. ఆక్టోపస్సు గూడ గీసినవాని చేతిలో నిలువలేదు. 1882లో ఆంగ్లులు ఈజిప్టులో ప్రవేశింపగా ఒక అమెరికా చిత్రకారుడు ఆ జంతువునకు జాన్‌బుల్లు తలను అతికించి, ఒక్కొక్కచేతిక్రింద ఇండియా, ఈజిప్టు మున్నగు దేశములను గీసెను. 1904లో జపానుకును రుష్యాకును యుద్ధము రాగా ఒహారా కిసబురో అను జపాను విద్యార్థి ఆ జంతువునే రుష్యాగా మరల గీసి, దాని చేయి ఒకటి మంచూరియావైపు చాచినట్లు చూపెను. 1917లో ఫ్రెంచివారు దానిని ప్రుష్యా చేసిరి. ఒకే మృగము, తలలు మాత్రము మారుచున్నవి. మృగము ఏ దేశమునందును లేదు, భయపడువాని కన్నులయందే కలదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అట్లయిన యుద్ధకాలమున చిత్రకారుడు సత్యము చెప్పలేడా? చెప్పగలడు. ఆరునెలలు చెరలోనున్న డొమియేను మరవలేదు గదా. 1870 నాటికి ఆయన వృద్ధుడు, చూపు మందగించుచుండెను. మూడవ నెపోలియను సింహాసనమెక్కుటకు ముందు, 1852లో, సామ్రాజ్యమనగా శాంతియే యని ప్రజలకు మాటయిచ్చియుండెను. 1870 అక్టోబరు 19వ తేది డొమియే ఆ మాటనే శీర్షికగా పెట్టి, కాలిపోయిన యిండ్లను, వానియెదుట పడియున్న శవములను గీసెను. మరేమియు గీయలేదు. 1871 జనవరి 11వ తేది, పారిసు ఇంకను ముట్టడిలోనుండగనే, మరియొక చిత్రము గీసెను. కనుచూపుమేర శవములు పరచుకొన్న మైదానము. నడుమ ముసుగువేసికొన్న ఒక స్త్రీ. ఆమెయే 1871వ సంవత్సరము. తనకు వచ్చిన వారసత్వమును చూడలేక చేతులతో ముఖము కప్పుకొన్నది. అందు జర్మనుడు మృగము గాడు. ఫ్రెంచివాడు వీరుడు గాడు. పటముల అంచునకు ఆవల త్రోసివేయబడినవారిని ఆయన కాగితపు నడిబొడ్డునకు తెచ్చినాడు. ఇతరుల చిత్రములు చూచి నవ్విన పారిసు దీనిచెంత మౌనము వహించియుండును.

సోదరులారా, నేడు చిత్రము రాతిపై గీయబనిలేదు, ఓడపై పోవనవసరము లేదు. ఒక్కక్షణములో ఖండములు దాటి మన అరచేతిలో వ్రాలుచున్నది. యుద్ధవార్త విన్నమరునిమిషమే శత్రుదేశము మృగమై మనయెదుట నిలుచుచున్నది. నవ్వవలదని నేను చెప్పను. నవ్వలేని జాతి బ్రతుకలేదు. రాజును చూచి నవ్వుట ప్రజలకు జన్మహక్కు. నవ్విన పిమ్మట మాత్రము ఒక్కింత నిలువుడు. ఈ బొమ్మ ఎవరి యంగడిలో పుట్టినది? ఇందు మృగమైనవారిలో పాలించువారెవరు, పాటుపడువారెవరు? ఈ యుద్ధమునకు సొమ్మును, బిడ్డలను ఇచ్చువారు కాగితముపైనున్నారా, అంచునకు ఆవలనున్నారా? శత్రువు బలవంతుడైనప్పుడు ఇట్లడుగుట సులభము. మనము బలవంతులమై, మన చిత్రకారుడు మన ఇరుగుపొరుగును మృగముగా గీసినప్పుడు గూడ ఇట్లే అడుగగలుగుట స్వతంత్రజాతి లక్షణము. ఒకప్పుడు పులిగా గీయబడినవారము. అది యెట్టిదో మనకు తెలియును.

ప్రారంభమున చెప్పిన పిల్లవానిని మరల తలంతును. వాడు పటముముందు నిలిచి "మా యూరెక్కడ?" అని అడుగుచున్నాడు. చిన్నయూరని వాని నోరు మూయింపకుడు. ఏ పటము ముందైనను, ఏ యుద్ధకాలమునైనను, వాని నా ప్రశ్న అడుగనిండు.